దూర ప్రయాణాల బండికి ఫోన్ హోల్డరు, ఛార్జరు, సామాను సంచులు: మీరే బిగించుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బండి మీద అరకుకో, సాలూరు ఘాటు మీదుగా కోరాపుట్‌కో, పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని పూరీకో బయలుదేరేవారు తరచూ అడిగే ప్రశ్నలు మూడే. ఫోన్ హోల్డరు ఎక్కడ బిగించాలి? ఛార్జరుకు కరెంటు ఏ తీగ నుంచి తీసుకోవాలి? పక్క సంచి సైలెన్సరుకు తగలకుండా ఎలా చూసుకోవాలి? ఈ మూడింటికీ వరుసగా జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పనిలోకి దిగే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. స్టాండు మీద నిలబెట్టిన బండికి చక్కగా సరిపోయిన వస్తువు, మనిషి కూర్చుని హ్యాండిల్ తిప్పి గోతిలో దించిన బండికి సరిపోకపోవచ్చు. అందుకే కింద చెప్పిన ప్రతి కొలతనూ బరువు పడిన బండి మీద, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి తీసుకోవాలి.

కావలసినవి

- ఫోన్ హోల్డరు, దానితోపాటు కుదుపును తగ్గించే డ్యాంపరు
- నీళ్లు చొరబడని మూత ఉన్న యూఎస్‌బీ ఛార్జరు
- ఫ్యూజు హోల్డరు, 3 ఆంపియర్ల, 5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజులు నాలుగైదు
- 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ, ఎరుపు, నలుపు రంగుల్లో
- 12 వోల్టుల నాలుగు కాళ్ల రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు (అవసరమైతేనే)
- వేడికి ముడుచుకునే గొట్టం, క్రింపింగ్ ప్లయరు లేదా సోల్డరింగ్ ఐరను
- మల్టీమీటరు
- మీ బండి మోడలుకే తయారైన శాడిల్ స్టే (పక్క సంచులను మోసే ఇనుప చట్రం), పక్క సంచులు లేదా టాప్ బాక్సు
- అలెన్ కీలు, స్పానర్లు, వీలైతే టార్క్ రెంచి (బోల్టును ఎంత గట్టిగా బిగించామో చూపే స్పానరు)
- నీలిరంగు థ్రెడ్ లాకరు (బోల్టు మర వదులు కాకుండా పట్టే జిగురు), వాషర్లు, నైలాక్ నట్లు (తమంతట వదులు కాని నట్లు), జిప్ టైలు
- పేపరు టేపు, నెయిల్ పాలిష్

చివరి రెండూ ఎందుకో పరీక్షల దగ్గర చెబుతాను. అవి లేకుండా పని మొదలుపెట్టకండి.

1. కొనే ముందు కొలవండి

చాలా బండ్ల హ్యాండిల్ గొట్టం క్లాంపు పట్టుకునే చోట 22 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. కొన్ని అడ్వెంచరు, స్ట్రీట్ బండ్లకు మధ్య భాగం 28.6 మిల్లీమీటర్లు ఉంటుంది. వెర్నియర్ లేకపోతే గొట్టం చుట్టూ దారం తిప్పి స్కేలు మీద పెట్టండి. చుట్టుకొలత 69 మిల్లీమీటర్ల దగ్గర వస్తే మీది సన్న గొట్టం, 90 దగ్గర వస్తే లావు గొట్టం. లావు గొట్టానికి చేసిన క్లాంపును సన్న గొట్టానికి రబ్బరు ముక్కలు చుట్టి బిగిస్తే, పది స్పీడు బ్రేకర్లు దాటేసరికి ఫోను నేలచూపు చూస్తుంది.

సామాను వైపు కొలత ఒంటరిగా తీయలేరు. మీ బరువున్న మనిషిని సీటు మీద, మరొకరిని వెనుక కూర్చోబెట్టి, సంచి అడుగు రావలసిన చోటు నుంచి చక్రానికి, చైనుకు, సైలెన్సరుకు ఎంత ఖాళీ మిగిలిందో చూడండి. ఇండికేటర్లు ఎక్కడ ఉన్నాయో, సంచి వాటిని కప్పేస్తుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

2. ఫోన్ హోల్డరు బిగించడం

హోల్డరును హ్యాండిల్ మధ్యకు దగ్గరగా, స్పీడోమీటరును, తాళం చెవిని కప్పకుండా బిగించండి. క్లాంపు కింద బ్రేకు పైపు గాని, యాక్సిలరేటరు కేబులు గాని నలగకూడదు. బిగించాక హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ చివరిదాకా తిప్పి, ఫోను అంచు ట్యాంకుకు గాని విండ్‌షీల్డుకు గాని తగలడం లేదని నిర్ధారించుకోండి.

కుదుపు సంగతి చాలామంది పట్టించుకోరు. శక్తిమంతమైన మోటారు సైకిల్ ఇంజన్ల కంపనం ఐఫోన్ కెమెరాలోని చిత్రాన్ని నిలకడగా ఉంచే భాగాలను దెబ్బతీయవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. అలాంటి కెమెరా ఉన్న ఏ ఫోనుకైనా ఈ భయం ఉన్నట్టే అనుకోండి. డ్యాంపరు వేసుకోవడం ఒక మార్గం. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోనును దారి చూపడానికే కేటాయించడం అంతకంటే మంచి మార్గం. ఖరీదైన ఫోను జేబులో భద్రంగా ఉంటుంది, పాతది పోయినా పెద్ద నష్టం లేదు.

మన ఎండలకు ఇంకో జాగ్రత్త కావాలి. మే నెల మధ్యాహ్నం తెర వెలుతురు పూర్తిగా పెంచి, ఛార్జింగు పెట్టి, దళసరి కవరులో ఉంచిన ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. కవరు తీసేయండి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఛార్జింగు ఆపి, నీడన నిలిపినప్పుడు పెట్టుకోండి. నీళ్లు చొరబడని ప్లాస్టిక్ పౌచీలు వానకు పనికొస్తాయి గాని ఎండలో అవే ఫోనును ఉడికిస్తాయి కాబట్టి వాటిని వానకే పరిమితం చేయండి.

2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, నడిపేవారి ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోనును వాడవచ్చు. చేతిలో పట్టుకుని మాట్లాడటం నేరమే. దారి మార్చాలన్నా, ఊరి పేరు కొట్టాలన్నా బండి పక్కకు ఆపి చేయండి.

3. దారి పటం ముందే దింపుకోండి

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతున్నప్పుడు గాని, సాలూరు దాటి సుంకి వైపు వెళ్తున్నప్పుడు గాని సిగ్నలు మాటిమాటికీ పోతుంది. ఫోను తన స్థానాన్ని ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది కాబట్టి దానికి సిగ్నలుతో పని లేదు. పటానికి మాత్రం ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ బొమ్మ మీద నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్ ఎంచుకుని, ఇంటి నుంచి గమ్యం దాకా చతురస్రంలో వచ్చేలా పటాన్ని దింపుకోండి. చాలామంది ఆంధ్ర వైపు భాగం దింపుకుని ఒడిశా భాగాన్ని మరిచిపోతారు. మన జిల్లాల నుంచి ఒడిశా వైపు వెళ్తే కొన్ని గంటల్లోనే సరిహద్దు తగులుతుంది కాబట్టి ఆ పొరపాటుకు ఇక్కడ మూల్యం ఎక్కువ.

పరీక్ష సులువు. మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి, ఇంటి ముందే గమ్యం కొట్టి చూడండి. దారి గీత కనిపించి, పటాన్ని పెద్దది చేసినప్పుడు ఊళ్ల పేర్లు తేటగా వస్తే సరిగా దిగినట్టే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్ మరొకటి ఉంచుకుంటే తోడుగా పనికొస్తుంది.

యాప్ దగ్గర దారి అంటూ చూపే కొండదారులను గుడ్డిగా నమ్మకండి. కోరాపుట్ వెళ్లేవారు విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు, సుంకి, పొట్టంగి, సెమిలిగుడ అని ఒక కాగితం మీద వరుసగా రాసి ట్యాంక్ బ్యాగు పై అరలో పెట్టుకుంటే, ఫోను మొరాయించినా 26వ నంబరు రహదారిని వదలకుండా చేరతారు.

4. ఛార్జరుకు కరెంటు ఇవ్వడం

ఎక్కువ చెడగొట్టేది ఈ పనిలోనే. కాబట్టి తొందర లేని రోజున, పగటి వెలుతురులో చేయండి.

ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, తర్వాతే పాజిటివ్. తిరిగి పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పాజిటివ్ ముందు విప్పితే, స్పానరు పొరపాటున ఛాసిస్‌కు తగిలినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి.

కరెంటు తీసుకునే మార్గాలు మూడు. మొదటిది, బండి తయారీదారే ఇచ్చిన యాక్సెసరీ కనెక్టరు. కొత్త బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు వెనుకో, సీటు కిందో ఉంటుంది. అది ఉంటే వేరే ఆలోచన వద్దు. రెండవది, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి, ఉదాహరణకు పార్కింగ్ లైటు తీగ నుంచి, ఫ్యూజు వేసి తీసుకోవడం. ఒక్క ఫోనుకు ఇది చాలు. మూడవది రిలే. రెండు ఫోన్లు, వేగంగా ఛార్జయ్యే ఛార్జరు ఉన్నవారు దీన్నే వాడాలి.

లెక్క ఇలా వేసుకోండి. 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చే ఛార్జరు 15 వాట్లు వాడుతుంది. వృథా అయ్యేది కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి సుమారు ఒకటిన్నర ఆంపియరు లాగుతుంది. దానికి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. 36 వాట్ల ఛార్జరైతే 5 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 15 ఆంపియర్లది పెట్టేవారిని చూస్తుంటాం. ఫ్యూజు పోవడం అంటే ఎక్కడో తీగ ఒరుసుకుపోయిందని బండి చెబుతున్నట్టు. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది తీగే.

రిలే కాళ్లకు అంకెలు ఉంటాయి. 30వ కాలుకు బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు ద్వారా తీగ, 87కు ఛార్జరు ఎర్ర తీగ, 86కు తాళంతో వచ్చే తీగ, 85కు నెగటివ్ ఇవ్వండి. ఛార్జరు నల్ల తీగను నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు కలపండి. బ్యాటరీ నుంచి తీసుకునే తీగకు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఛార్జరు దగ్గర పెట్టిన ఫ్యూజు, మధ్యలో ట్యాంకు కింద నలిగిన తీగను కాపాడలేదు.

తీగను బండి సొంత తీగల కట్ట వెంబడే నడిపించి, జిప్ టైలతో కట్టండి. హ్యాండిల్ మెడ దగ్గర మాత్రం వదులు ఉంచండి. హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు తీగ లాగబడకూడదు, నలగకూడదు. ఇంజను తలకు, సైలెన్సరు గొట్టానికి దూరంగా పోనివ్వండి. ట్యాంకు తిరిగి బిగించేటప్పుడు దాని రబ్బరు దిమ్మల కింద తీగ లేదని చేత్తో తడిమి చూడండి.

రెండు తీగలు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మన తీరానికి అసలు పనికిరాదు. కళింగపట్నం, బారువ వైపు నాలుగు సార్లు తిరిగిన బండిలో అలాంటి అతుకును విప్పి చూస్తే, టేపు జిగురుగా జారిపోయి, రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే పొడిగా రాలిపోతూ కనిపిస్తాయి. అతుకును క్రింపు చేయండి లేదా సోల్డరు చేయండి, పైన వేడికి ముడుచుకునే గొట్టం వేయండి.

హెచ్చరిక: బీఎస్6 బండ్లలో ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు), ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే బ్రేకు ఏర్పాటు), సెన్సార్లకు వెళ్లే తీగలను ఎట్టి పరిస్థితిలోనూ కోయకండి, వాటి నుంచి కరెంటు తీసుకోకండి. వారంటీ ఉన్న బండికి ఏ తీగ కోయాలన్నా ముందు సర్వీసు సెంటరులో అడగండి. ఇదంతా భారమనిపిస్తే ఒక రోజు అరకు ప్రయాణానికి ట్యాంక్ బ్యాగులో పవర్ బ్యాంకు పెట్టుకుంటే సరిపోతుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

పని అయ్యాక మల్టీమీటరుతో నాలుగు సార్లు కొలవండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టులు చూపాలి. ఇంజను కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. తాళం తీసేసినప్పుడు ఛార్జరుకు వచ్చే తీగలో సున్నా రావాలి. రాత్రంతా వదిలేసి ఉదయం బ్యాటరీని మళ్లీ కొలవండి. స్పష్టంగా తగ్గి ఉంటే, మీరు తీసుకున్న తీగలో తాళం తీసినా కరెంటు వస్తోందని అర్థం. వోల్టేజీ అంకెలు వెలిగే ఛార్జర్లను నేరుగా బ్యాటరీకి కలిపినవారికి ఈ సమస్య ఎక్కువగా వస్తుంది.

5. స్టే, సంచులు, టాప్ బాక్సు

మెత్తని సంచులా, గట్టి పెట్టెలా అని అడిగేవారికి నా జవాబు మెత్తని సంచులే. బండి పడినా అవి కాలిని గట్టి పెట్టెలంతగా నొక్కవు, బరువు తక్కువ, పట్టణాల ఇరుకు సందుల్లో అడ్డం రావు. గట్టి పెట్టెలకు తాళం ఉంటుంది, వానకు భయం లేదు. లాడ్జి ముందు సామానుతో సహా బండిని వదిలి వెళ్లవలసినవారికి అవి మేలు. దేన్ని ఎంచుకున్నా సామాను హ్యాండిల్ వెడల్పును మించకుండా చూసుకోండి. హ్యాండిల్ దూరిన చోట సంచి కూడా దూరుతుందన్న నమ్మకం ఉండాలి.

2020లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం మోటారు సైకిలుకు బిగించే పెట్టె 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు మించకూడదు. వెనుక మనిషి కూర్చునే చోట పెట్టె బిగిస్తే బండి మీద నడిపేవారు ఒక్కరే ఉండాలి.

శాడిల్ స్టే బిగించేటప్పుడు అన్ని బోల్టులనూ ముందు చేత్తో మాత్రమే ఎక్కించండి. ఒక బోల్టును గట్టిగా బిగించి మిగతావాటికి వెళితే చివరి రంధ్రం కలవదు. అప్పుడు సుత్తితో కొట్టి కూర్చోబెట్టిన స్టే ప్రతి గోతిలోనూ ఆ బోల్టు మీద కక్ష తీర్చుకుంటుంది. అన్నీ ఎక్కాక, మర నడుమ ఒక్క చుక్క థ్రెడ్ లాకరు వేసి, వాషరుతో బిగించండి. బండి మాన్యువలులో వేరే అంకె లేకపోతే ఎం6 బోల్టుకు 10, ఎం8 బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు సరిపోతాయి. అల్యూమినియంలో కూర్చునే బోల్టును అంతకు మించి బిగిస్తే మర ఊడి చేతికొస్తుంది.

శారీ గార్డు విషయంలో ఖచ్చితంగా ఉండండి. స్టేకు అడ్డమొచ్చిందని దాన్ని తీసి అటక మీద పడేసేవారు ఎందరో. ఎడమవైపు వెనుక చక్రంలో కనీసం సగం కప్పి ఉండాలన్నది నిబంధన. అంతకంటే ముఖ్యం, వెనుక కూర్చునే మీ అమ్మగారి చీర కొంగు, మీ చెల్లెలి చున్నీ చక్రంలోకి పోకుండా ఆపేది అదే. గార్డుతో కలిసి కూర్చునే స్టే దొరికితే అదే కొనండి. దొరకకపోతే చక్రాన్ని అంతే మేర కప్పే పలక ఉన్న స్టే తీసుకోండి.

మీ మోడలుకు స్టే దొరకక వెల్డింగు షాపులో చేయిస్తున్నట్టయితే, కొలతలు తీసుకున్నాక స్టేను బండి నుంచి విడదీసి వెల్డింగు చేయించండి. బండి మీదే వెల్డింగు చేస్తే ఆ కరెంటు ఈసీయూను కాల్చేయగలదు. ఛాసిస్‌కు నేరుగా అతికించడానికి ఎవరు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి.

సైలెన్సరు వైపు సంచికి, గొట్టానికి మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి, మధ్యలో ఉక్కు రేకు హీట్ షీల్డు ఉండాలి. నైలాన్ సంచి కరగడానికి మంట అవసరం లేదు, ఘాటులో గంట సేపు రెండో గేరులో ఎక్కితే చాలు.

6. బరువు సర్దడం

బండి మోయగలిగే మొత్తం బరువు మాన్యువలులో ఉంటుంది. ఉదాహరణకు అది 170 కిలోలు అనుకుందాం. మీరు 75, వెనుక కూర్చునేవారు 60 అయితే మిగిలేది 35. అందులో స్టే, సంచులు, టాప్ బాక్సు సొంత బరువు పది కిలోలు పోతే బట్టలకు, సామానుకు 25 కిలోలే. ఈ లెక్క వేయకుండా నింపినవారికి ఘాటు దిగేటప్పుడు బ్రేకు చాలడం లేదనిపిస్తుంది.

బరువైనవి కిందకు, ముందుకు. పనిముట్లు, పంక్చర్ కిట్టు, నీళ్ల సీసాలు పక్క సంచుల అడుగున, సీటుకు దగ్గరగా ఉండాలి. టాప్ బాక్సులో రెయిన్ కోటు, తువ్వాలు లాంటి తేలికవే పెట్టండి. అది వెనుక చక్రం ఇరుసు దాటి ఉంటుంది కాబట్టి అక్కడి బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, వేగం పెరిగినప్పుడు హ్యాండిల్ వణుకుతుంది. ఎడమ, కుడి సంచులను తక్కెడకు వేలాడదీసి తూచండి. తేడా కిలోకు మించనివ్వకండి.

వానకు సంచి పైన వేసే తొడుగు కన్నా లోపల వేసే దళసరి ప్లాస్టిక్ సంచి నమ్మకమైనది. పై తొడుగు గాలికి ఎగిరి చైనులోనో సైలెన్సరు మీదో పడుతుంది. కొక్కేల రబ్బరు తాళ్ల బదులు బకిలు ఉన్న చదును బెల్టులు వాడండి. జారిన కొక్కెం కంటికి తగిలితే చూపే పోవచ్చు. బెల్టుల చివరలు వేలాడకుండా మడిచి ముడి వేయండి.

7. బండిని బరువుకు సిద్ధం చేయడం

టైర్లు చల్లగా ఉన్నప్పుడు, మాన్యువలులో ఇద్దరు మనుషులకు చెప్పిన మేరకు గాలి పెట్టించండి. వెనుక షాక్ అబ్జార్బరు ప్రీలోడును (స్ప్రింగు ముందస్తు బిగింపును) ఒకటి రెండు మెట్లు పెంచండి. తర్వాత చైను వదులును మాన్యువలు చెప్పిన తీరులో మళ్లీ చూడండి. సామాను ఎక్కాక హెడ్‌లైటు పైకి లేచి ఎదురు లారీ డ్రైవరు కళ్లలో కొడుతుంది కాబట్టి దాన్ని కిందకు దించుకోండి.

8. పరీక్ష

సంచుల లోపలి ముఖం మీద, చక్రం వైపు, సైలెన్సరు వైపు పేపరు టేపు అంటించండి. ప్రతి బోల్టు తల నుంచి స్టే మీదకు నెయిల్ పాలిష్‌తో ఒకే గీత గీసి ఆరనివ్వండి. పూర్తి సామానుతో, వీలైతే వెనుక మనిషితో, ముందు ఖాళీ మైదానంలో ఎడమకూ కుడికీ నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. తర్వాత శ్రీకాకుళం వారైతే రణస్థలం దాకా, విజయనగరం వారైతే భోగాపురం దాకా వెళ్లి రండి. వంతెనల మీద పక్కగాలి సంచులను ఎలా నెడుతుందో గమనించండి. వచ్చేటప్పుడు స్పీడు బ్రేకర్లున్న ఊరి రోడ్డు పట్టుకోండి.

ఇంటికి రాగానే టేపు చూడండి. చిరిగితే చక్రానికి తగులుతోంది, గోధుమరంగుకు మారితే వేడి చేరుతోంది. బోల్టు మీది గీత విరిగి పక్కకు జరిగితే అది వదులైంది. కొన్ని లక్షణాలు బండి నడుస్తుండగానే తెలుస్తాయి.

- హ్యాండిల్ వణికితే: టాప్ బాక్సులో బరువు ఎక్కువైంది, లేదా వెనుక టైరులో గాలి తక్కువైంది.
- బండి ఒక పక్కకు లాగితే: సంచుల బరువులో తేడా ఉంది.
- హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఛార్జింగు ఆగి మళ్లీ మొదలైతే: మెడ దగ్గర తీగ బిగుసుకుంది.
- గోతుల్లో టకటక చప్పుడు వస్తే: స్టే బోల్టు వదులైంది, లేదా ఒక వాషరు తక్కువైంది.

ఒకటి సరిచేసిన ప్రతిసారీ కొత్త టేపు వేసి మళ్లీ వెళ్లి రండి. సముద్రం పక్కన తిరిగి వచ్చాక స్టేను మంచినీళ్లతో కడిగి, ఆరాక బోల్టు తలలకు పలచగా గ్రీజు రాయండి.

అసలు ప్రయాణంలో మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఆగి గీతలన్నీ చూడండి. ఒడిశా వైపు వెళ్లేవారికి పలాస దగ్గర టీ తాగే విరామం ఇందుకు సరిపోతుంది. కొత్తగా బిగించిన భాగాలు సర్దుకునేది ఆ వందలోనే కాబట్టి స్పానరును సంచి అడుగున కాక ట్యాంక్ బ్యాగులో, చేతికందేలా పెట్టుకోండి.